విపత్తు నిర్వహణలో పీహెచ్‌డీ

విపత్తు నిర్వహణలో డాక్టరేట్ అంటే విపత్తులను నిర్వహించడం నేర్పే చదువని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. వరదలో పడవ ఎలా నడపాలి, కంట్రోల్ రూమ్‌లో ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, సహాయక శిబిరంలో ఎన్ని కుళాయిలు పెట్టాలి వంటివి నేర్పడానికి శిక్షణ కోర్సులు, డిప్లొమాలు, పీజీలు ఉన్నాయి. పీహెచ్‌డీ పని వేరు. ఆ శిక్షణల్లో చెప్పే మాటలు నిజమేనా, నిజమైతే ఎక్కడ, ఎవరి విషయంలో నిజం, ఆ సంగతి మనకెలా తెలిసింది అని తేల్చడం దాని పని. ప్రమాదం ముంచుకొస్తే జనం బెంబేలెత్తి ఒకరినొకరు తొక్కుకుంటారని, పేదలకు హెచ్చరికలు అర్థం కావని, పెద్ద గోడ కడితే ఊరు క్షేమంగా ఉంటుందని అధికారుల సమావేశాల్లోనూ టీవీ చర్చల్లోనూ తరచూ వింటాం. వీటిలో చాలావాటికి ఆధారాలు బలహీనమని పరిశోధకులు చూపించారు. వాళ్లలో కొందరు ఆ పని మొదలుపెట్టింది విద్యార్థులుగా ఉన్నప్పుడే.

పుట్టుక

ఈ రంగంలో తొలి థీసిస్‌గా చెప్పుకునేది శామ్యూల్ హెన్రీ ప్రిన్స్ రాసినది. 1917 డిసెంబరు 6న కెనడాలోని హాలిఫాక్స్ రేవులో, పేలుడు పదార్థాలు నింపుకొచ్చిన ఫ్రెంచి ఓడ మాంట్ బ్లాంక్‌ను నార్వే ఓడ ఇమో ఢీకొంది. మండుతున్న ఓడను చూడ్డానికి జనం ఒడ్డుకు, ఇళ్ల కిటికీల దగ్గరికి చేరారు. ఓడ పేలిపోయింది. దాదాపు రెండు వేల మంది చనిపోయారు, సుమారు తొమ్మిది వేల మంది గాయపడ్డారు. పగిలిన అద్దాలు గుచ్చుకుని కళ్లు దెబ్బతిన్నవాళ్లు ఎందరో. ప్రిన్స్ ఆ ఊళ్లో ఒక చర్చి మతాధికారి. ఆ అనుభవంతో న్యూయార్క్ వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రంలో థీసిస్ రాశాడు. అది 1920లో అచ్చయింది. విపత్తు ఇళ్లను కూల్చడంతో ఆగదు, ఊరి కట్టుబాట్లను కూడా కదిలిస్తుంది, ఆ కదలికలోంచి మంచైనా పుట్టవచ్చు, చెడైనా పుట్టవచ్చు అన్నది అతని వాదన. అతని పద్ధతి ఇవాళ్టి వైవాలో నిలుస్తుందా అన్నది అనుమానమే. ప్రశ్న మాత్రం ఇంకా పాతబడలేదు.

రెండో మలుపు భూగోళశాస్త్రం నుంచి వచ్చింది. గిల్బర్ట్ వైట్ 1942లో షికాగో విశ్వవిద్యాలయానికి సమర్పించిన థీసిస్ వరదల మీద. అప్పట్లో అమెరికా ప్రభుత్వానికి వరద అంటే ఆనకట్టలు, కరకట్టలు కట్టే ఇంజనీర్ల వ్యవహారం. వైట్ ఆ ఆలోచననే తప్పుపట్టాడు. నది పొంగడం ప్రకృతి పని, నష్టం మాత్రం చాలావరకు మనిషి చేతల ఫలితం అన్నాడు. ఎక్కడ ఇల్లు కట్టనివ్వాలి, ఎవరికి బీమా ఉండాలి, హెచ్చరిక ఎంత ముందుగా ఇవ్వాలి అన్నవి కూడా వరద నివారణలో భాగమేనని వాదించాడు. కరకట్ట కట్టగానే దాని వెనక ధైర్యంగా ఇళ్లు లేస్తాయని, అది తెగిన రోజున నష్టం మునుపటికన్నా పెద్దదవుతుందని ఆ దారిలో నడిచినవాళ్లు తర్వాత దేశదేశాల్లో చూపించారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు తెలుగు పత్రికల్లో సాగిన చర్చకు, ఎనభై ఏళ్ల కిందటి ఆ థీసిస్‌కు ఉన్న చుట్టరికం ఎవరికైనా కనబడుతుంది.

మూడో మలుపుకు డబ్బు పెట్టింది అణుబాంబు భయం. బాంబు పడితే అమెరికా నగరాల్లో జనం ఎలా ప్రవర్తిస్తారో ప్రభుత్వానికి తెలియాలి. బాంబు వేసి చూడలేరు కనుక సుడిగాలులు, పేలుళ్లు, విమాన ప్రమాదాలు జరిగిన ఊళ్లకు షికాగో విశ్వవిద్యాలయ బృందాలను పంపారు. ఆ బృందాల్లో ఒక విద్యార్థి ఎన్రికో క్వారంటెలీ. జనం భయంతో పిచ్చెత్తినట్టు పరుగులు తీసే ఘటనల మీద థీసిస్ రాయబోతే అలాంటి ఘటనలు దొరకడమే కష్టమైంది. అతనికి కనిపించింది వేరు. జనం ముందు ఇంటివాళ్లను వెతుక్కున్నారు, తర్వాత ఇరుగుపొరుగును తవ్వి బయటకు తీశారు. సహాయ బృందాలు వచ్చేసరికి సగం పని వాళ్లే చేసేశారు. క్వారంటెలీ 1963లో రస్సెల్ డైన్స్, జె. యూజీన్ హాస్‌లతో కలిసి ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో విపత్తు పరిశోధన కేంద్రం పెట్టాడు. 1985లో అది డెలావేర్ విశ్వవిద్యాలయానికి మారింది. ఈ రంగంలో పేరున్న ఆచార్యులు చాలామంది ఆ కేంద్రంలో చదివినవాళ్లు, లేదా వాళ్ల దగ్గర చదివినవాళ్లు.

ఎక్కడ చదువుతారు

నేరుగా ఈ పేరుతోనే డాక్టరేట్ ఇచ్చే విశ్వవిద్యాలయాలు ప్రపంచంలో మరీ ఎక్కువ లేవు. అమెరికాలో నార్త్ డకోటా స్టేట్, డెలావేర్, ఒక్లహామా స్టేట్ ఈ దారిలో ముందు నడిచాయి. అలబామాలోని జాక్సన్‌విల్ స్టేట్ విశ్వవిద్యాలయం ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా ఇస్తుంది. లండన్‌లో యూనివర్సిటీ కాలేజ్ వాళ్ల విపత్తు సంస్థ, న్యూజిలాండ్‌లో మాస్సీ విశ్వవిద్యాలయం, జపాన్‌లో 1951 నుంచీ ఉన్న క్యోటో విశ్వవిద్యాలయ విపత్తు నివారణ పరిశోధన సంస్థ, 2011 సునామీ తర్వాత సెందాయ్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో వెలసిన సంస్థ కూడా పేరున్నవే.

మన దేశంలో ఈ చదువు విపత్తుల వెనకే నడిచింది. 1984 గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో భోపాల్‌లో విపత్తు నిర్వహణ సంస్థ వచ్చింది. 1999 ఒడిశా పెనుతుపాను, 2001 భుజ్ భూకంపం, 2004 సునామీ వరుసగా దెబ్బ తీశాక 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు చట్టబద్ధత దానివల్లే కలిగింది. విశ్వవిద్యాలయాల్లో కేంద్రాలు పెరిగింది కూడా ఆ ఊపులోనే. ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, ఢిల్లీలోని జేఎన్‌యూ, రూర్కీ ఐఐటీలలో ప్రత్యేక కేంద్రాలున్నాయి. తెలుగు ప్రాంతంలో చాలామంది మాత్రం ఏదో ఒక పాత విభాగంలో చేరి విపత్తును అంశంగా తీసుకుంటారు. భూకంపాలు తట్టుకునే కట్టడాల మీద పనిచేయాలంటే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ప్రత్యేక పరిశోధన కేంద్రం ఉంది. సునామీ హెచ్చరికల కేంద్రం ఉన్న ఇన్‌కాయిస్, ఉపగ్రహ చిత్రాల నుంచి వరద పటాలు తీసే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, భూకంపాలను కనిపెట్టే ఎన్‌జీఆర్‌ఐ మూడూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణాది ప్రాంగణం 2025 జనవరిలో గన్నవరం దగ్గరి కొండపావులూరులో ప్రారంభమైంది. దాని పక్కనే ఎన్డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్ ఉంది. ఇక్కడి స్కాలర్‌కు సమాచారం ఇవ్వగల సంస్థలు ఇంత దగ్గరలో ఉండడం చిన్న వసతి కాదు, ఇతర రాష్ట్రాల్లో చాలామందికి అది లేదు.

ఏ శాస్త్రం?

చేరిన మొదటి ఏడాదే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. విపత్తు నిర్వహణకు తనదంటూ స్థిరపడిన సిద్ధాంతం తక్కువ. సమాజశాస్త్రం, భూగోళం, ప్రభుత్వ పాలన, ఇంజనీరింగ్, ప్రజారోగ్యం, మనస్తత్వశాస్త్రం నుంచి అరువు తెచ్చుకున్నదే ఎక్కువ. ఇది స్వతంత్ర శాస్త్రమా, నాలుగు శాస్త్రాలు కలిసే కూడలా అన్న వాదం ముప్పై ఏళ్లుగా నడుస్తోంది, ఇప్పట్లో తెగేలా లేదు. విద్యార్థికి అది ఒట్టి వాదం కాదు. ఏ పద్ధతిలో పనిచేయాలి, ఏ పత్రికలో వ్యాసం వేయాలి, పట్టా చేతికొచ్చాక ఏ విభాగంలో ఉద్యోగం అడగాలి అన్నవన్నీ దాంతో ముడిపడి ఉంటాయి. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పట్టా మీద ఏ పేరున్నా సరే, ఒక పాత శాస్త్రంలో గట్టిగా వేళ్లూనుకోవడం మంచిది. గణాంకాలో, ఇంటర్వ్యూ విశ్లేషణో, ఉపగ్రహ చిత్రాలు చదవడమో ఏదో ఒక్కటి లోతుగా రావాలి. అన్నీ పైపైన వచ్చినవాళ్లు సెమినార్లలో బాగా మాట్లాడతారు, థీసిస్ దగ్గర చతికిలపడతారు.

అమెరికాలో సాధారణంగా రెండేళ్ల కోర్సువర్క్, ఆపైన కాంప్రహెన్సివ్ పరీక్ష, తర్వాత ప్రతిపాదన, చివర థీసిస్. పరీక్ష దాటేసరికి ఎన్నో పుస్తకాలు, వ్యాసాలు నమిలి మింగాల్సి ఉంటుంది. పెద్ద సాంకేతిక వ్యవస్థల్లో ప్రమాదం అనివార్యమన్న చార్లెస్ పెరో 1984 నాటి పుస్తకం అందులో ఉంటుంది. ముప్పు ఒక వైపు నుంచి, పేదరికమూ నిర్లక్ష్యమూ మరో వైపు నుంచి మనిషిని ఎలా నొక్కుతాయో చెప్పిన 1994 నాటి ‘ఎట్ రిస్క్’ ఉంటుంది. ఏ ప్రాంతం ఎంత బలహీనమో జనాభా లెక్కల నుంచి కొలిచిన సుసాన్ కటర్ సూచీ ఉంటుంది. నివారణ, సన్నద్ధత, తక్షణ సహాయం, పునరుద్ధరణ అనే నాలుగు దశల చట్రం ఎలాగూ ఉంటుంది. అది 1979లో అమెరికా గవర్నర్ల సంఘం పాలన సౌకర్యం కోసం గీసుకున్న బొమ్మ అని, నిజజీవితంలో ఆ దశలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయని తెలుసుకోవడానికే ఒక సెమిస్టరు పడుతుంది.

మన దగ్గర యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. తిరిగి నమోదు చేసుకుంటే మరో రెండేళ్లు ఇస్తారు. మహిళలకు, నలభై శాతానికి మించిన వైకల్యం ఉన్నవాళ్లకు దాని మీద ఇంకో రెండేళ్లు. కోర్సువర్క్ కనీసం పన్నెండు క్రెడిట్లు. అందులో పరిశోధన నైతికత పాఠం తప్పనిసరి, యాభై ఐదు శాతం మార్కులు రావాలి. ఒక ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మందికి మించి స్కాలర్లు ఉండకూడదు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వచ్చినవాళ్లకు 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000 ఇస్తున్నారు. అది రానివాళ్ల బతుకు వేరు. విదేశాల్లో పూర్తికాలం విద్యార్థికి ఫీజు మాఫీ, బోధనకో పరిశోధనకో సాయం చేసినందుకు భృతి దొరుకుతాయి. ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్‌లో చేసేవాళ్లు చాలావరకు సొంత డబ్బు పెట్టుకోవాలి.

ప్రశ్న ఎలా పుడుతుంది

విషయం దొరకడం తేలిక. ప్రశ్న దొరకడమే కష్టం. కృష్ణా డెల్టాలోని దివిసీమ సంగతి తీసుకుందాం. 1977 నవంబరు 19 ఉప్పెనలో పది వేల మందికి పైగా చనిపోయారు. 1990 మే నెలలో దాదాపు అదే తీరాన్ని మరో భీకర తుపాను తాకింది. ఈసారి మృతులు వెయ్యి లోపే. 2014లో హుద్‌హుద్ విశాఖను ఊపేసిన నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య పదుల్లోకి దిగింది. “ఆంధ్ర తీరంలో తుపాను మరణాల తగ్గుదల: ఒక అధ్యయనం” అని పేరు పెట్టుకుని వచ్చే స్కాలర్ విషయం తెచ్చాడు గానీ ప్రశ్న తేలేదు.

గైడ్ మంచివాడైతే వరుసగా అడుగుతాడు. రెండు తుపాన్లలో ఉప్పెన ఒకే ఎత్తున, రోజులో ఒకే వేళకు వచ్చిందా? రాత్రి ముంచిన నీటినీ పగలు ముంచిన నీటినీ ఒక లెక్కలో వేస్తామా? 1977 నాటికి లేని ఉపగ్రహ హెచ్చరిక వ్యవస్థ 1990కి వచ్చింది. ఈలోగా రోడ్లూ పడ్డాయి, షెల్టర్లూ లేచాయి, లక్షలమందిని ముందుగా తరలించారు. ఇందులో ఏది ఎంత పనిచేసిందో విడదీయడం ఎలా? ఇంకొకటి, 1977ను కళ్లారా చూసినవాళ్లు 1990లో చెప్పకుండానే కదిలి ఉండవచ్చు. అంటే ప్రాణాలు కాపాడింది ప్రభుత్వమా, జ్ఞాపకమా? అలాంటి జ్ఞాపకం లేని తరం ఇప్పుడు తీరంలో ఉంది కనుక, రేపటి తుపానుకు ఏ లెక్క వర్తిస్తుంది? ఈ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న పుడుతుంది. దానికి జవాబు వెతకడానికి నాలుగేళ్లు పెట్టవచ్చు.

ఇదే నేల మీద ఒక గట్టి ఉదాహరణ ముందే ఉంది. బ్రిటిష్ పరిశోధకుడు పీటర్ వించెస్టర్ కృష్ణా డెల్టాలో 1977 తర్వాతి పరిస్థితిని ఏళ్ల తరబడి పరిశీలించి 1992లో పుస్తకం వేశాడు. పక్కపక్కనే ఉన్న ఇళ్లలో ఒకటి రెండేళ్లలో కోలుకుంటే ఇంకొకటి ఎందుకు కోలుకోదు అన్నది అతన్ని పట్టుకున్న విషయం. భూమి, పశువులు, అప్పు పుట్టే పరపతి ఉన్న ఇంటికీ, కూలి మీద బతికే ఇంటికీ ఒకే గాలి ఒకే దెబ్బ కొట్టదని అతను చూపించాడు. తుపానును గాలి వేగంతోనే కొలిచే ప్రణాళికలకు అది మింగుడుపడని విషయం. ఈ తీరం మీద థీసిస్ మొదలుపెట్టేవాళ్లు ఆ పుస్తకం చదవకపోతే పరీక్షకుడు దాని గురించే అడుగుతాడు.

ఎరిక్ క్లినెన్‌బర్గ్ పని మరో నమూనా. 1995 జులైలో షికాగోలో ఎండలకు ఏడు వందల మందికి పైగా చనిపోయారు. చచ్చిపోయింది ముసలివాళ్లు, పేదలు అని అందరికీ తెలుసు. అతను పక్కపక్కనే ఉన్న రెండు పేటలు తీసుకున్నాడు. రెండింట్లోనూ పేదరికం ఉంది, ఒంటరి వృద్ధులు ఉన్నారు, ఎండ ఒకటే. అయినా మరణాలు ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ. అంగళ్లు తెరిచి ఉండి వీధి సందడిగా ఉన్నచోట ముసలివాళ్లు గడప దాటారు, మూతపడ్డ వీధుల్లో తలుపులు బిగించుకుని లోపలే ఉండిపోయారు. బెర్క్‌లీలో డాక్టరేట్ పరిశోధనగా మొదలైన ఆ పని 2002లో పుస్తకమైంది. 2015 మేలో దేశంలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోతే వాళ్లలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. ఇక్కడ చనిపోయినవాళ్లలో గది తలుపు వేసుకున్నవాళ్లు ఎంతమంది, ఉపాధి పనిలోనో మిరపతోటలోనో కూలిపోయినవాళ్లు ఎంతమంది? షికాగో జవాబు ఇక్కడ పనికిరాకపోవచ్చు. షికాగోలో వేసిన ప్రశ్న పనికొస్తుంది.

క్షేత్రంలో

ఈ చదువులో అతిపెద్ద ఇబ్బంది కాలం. విశ్వవిద్యాలయం సెమిస్టర్ల ప్రకారం నడుస్తుంది, తుపాను అలా నడవదు. విపత్తు జరిగిన మొదటి వారాల్లో దొరికే సమాచారం తర్వాత దొరకదు. గోడ మీద నీటి మరక కడిగేస్తారు, కంట్రోల్ రూమ్ బోర్డు తుడిచేస్తారు, జనం తాము చేసినదాన్ని విన్నదానితో కలిపేసుకుంటారు. అందుకే కొలరాడో విశ్వవిద్యాలయంలో గిల్బర్ట్ వైట్ 1976లో నెలకొల్పిన ప్రకృతి వైపరీత్యాల కేంద్రం, ఏదైనా జరిగిన వెంటనే వెళ్లేవాళ్లకు చిన్న మొత్తాలు ఇచ్చే పద్ధతి పెట్టింది. మన దగ్గర స్కాలర్ అనుమతి కాగితం పట్టుకుని వెళ్లేసరికి ఊళ్లో కొత్త రేకులు పడి ఉంటాయి. ఈ ఇబ్బంది తెలిసినవాళ్లు జరగబోయే విపత్తు మీద ఆశ పెట్టుకోరు. జరిగిపోయినదాని పునరుద్ధరణ మీదో, దస్త్రాల మీదో పనిచేస్తారు.

ఇంకో సంగతి ఊళ్లో అడుగుపెట్టిన మొదటి పూటే అర్థమవుతుంది. తుపాను వెలిసిన కొన్ని వారాలకు లంక గ్రామంలోకి ప్రశ్నపత్రాల కట్టతో వెళ్లిన స్కాలర్‌ను ఊరు ఎవరనుకుంటుంది? నష్టం రాసుకునే మనిషి అనుకుంటుంది. “బాబూ, మా పాక కూడా రాసుకో, మొన్న వచ్చినాయన ఇటు రానేలేదు” అంటుంది ఒక ముసలమ్మ. “అమ్మా, నేను ఆఫీసు మనిషిని కాదండి, చదువుకుంటున్నానండి” అంటాడు. “చదువుకునే బాబువైతే నువ్వే నాలుగు ముక్కలు రాసి మండలాఫీసులో ఇయ్యి” అంటుందామె. ఆ తర్వాత ఆమె చెప్పే ప్రతి అంకె ఆ ఎదురుచూపులోంచే వస్తుంది. అబద్ధం అనలేం, కొలత అని కూడా అనలేం. అనుభవం ఉన్నవాళ్లు నష్టం ఎంత అని నేరుగా అడగరు. ఇంట్లో ఎన్ని రోజులకు సరిపడా బియ్యం ఉన్నాయి, గేదెను ఎప్పుడు అమ్మారు, ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చారు, పిల్ల బడికి మళ్లీ ఏ రోజు వెళ్లింది అని అడుగుతారు. పరిహారం జాబితాతో సంబంధం లేని ప్రశ్నకు జవాబు తేటగా వస్తుంది.

హెచ్చరిక విన్నాక కూడా కొందరు తుపాను షెల్టర్‌కు ఎందుకు వెళ్లరన్నది కూడా అలాంటి ప్రశ్నే. నిరక్షరాస్యత, మొండితనం అని ఫైళ్లలో రాస్తారు. దగ్గర కూర్చుని వింటే వేరే కారణాలు బయటపడతాయి. పడవా వలా ఒడ్డున ఉన్నాయి, పోతే మళ్లీ కొనే దిక్కు లేదు. పశువులను లోపలికి రానివ్వరు. ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు, ఉన్నా నీళ్లు లేవు. పోయినసారి వెళ్లి రాత్రంతా తడిసి కూర్చుంటే తుపాను పక్క జిల్లాకు పోయింది. ఇక షెల్టర్ తాళం ఎవరింట్లో ఉంది, వాళ్లు ఏ పేట వాళ్లు అన్నది ఎవరూ గట్టిగా చెప్పరు, రెండో రోజో మూడో రోజో టీ తాగుతుండగా బయటపడుతుంది. ఈ తాళం సంగతి ప్రశ్నపత్రంలో పట్టదు. నాలుగు వందల ఇళ్ల సర్వే గొప్పదా, నలభై రోజులు ఒకే ఊళ్లో ఉండడం గొప్పదా అని విభాగాల్లో జరిగే వాదనకు నా ఓటు రెండోదానికే. రెండూ చేయగలిగితే అంతకన్నా కావలసింది లేదు.

ఇక నైతికత. శవం దొరకని ఇంట్లో ఇంటర్వ్యూ అడగవచ్చా? సహాయం కోసం వరసలో నిలబడ్డవాళ్లు ఒప్పుకుంటే అది ఒప్పుకోవడమేనా? ప్రతి విశ్వవిద్యాలయంలో నైతికత కమిటీ ఈ ప్రశ్నలు అడుగుతుంది, అడగాలి కూడా. పేరున్న విపత్తు జరిగిన చోట ఇంకో బాధ ఉంది. దేశవిదేశాల పరిశోధకులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి అవే ప్రశ్నలు వేసి వెళ్లిపోతారు, ఫలితం ఊరికి తిరిగి రాదు. జె.సి. గెయార్, లోరీ పీక్ 2019లో నేచర్ పత్రికలో దీని మీదే రాశారు. విపత్తు ప్రాంతాల్లో పరిశోధనకు ఒక నియమావళి కావాలని, స్థానిక పరిశోధకులకు ముందు చోటు ఇవ్వాలని అడిగారు. విన్న బాధలు స్కాలర్‌ను కూడా పట్టుకుంటాయి. టేపులు వింటూ రాసుకునే నెలల్లో నిద్ర పట్టదు. కోర్సువర్క్‌లో దీని గురించి మాట్లాడే విభాగాలు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నాయి.

లెక్కల సంగతి

ఊళ్లోకి వెళ్లకుండా అంకెలతో థీసిస్ రాసేవాళ్లకు అంకెల పుట్టుక తెలియాలి. ప్రపంచమంతా వాడే ఎం-డాట్ అనే విపత్తుల పట్టికను బెల్జియంలోని ఒక కేంద్రం 1988 నుంచి నడుపుతోంది. అందులోకి ఎక్కాలంటే కనీసం పదిమంది చనిపోవాలి, లేదా వందమంది బాధితులై ఉండాలి, లేదా ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించి ఉండాలి, లేదా అంతర్జాతీయ సాయం కోరి ఉండాలి. పొలంలో పిడుగుపడి ఒకరిద్దరు పోయిన రోజులు, నాలుగు గుడిసెలు కాలిన రాత్రులు అందులోకి ఎక్కడం కష్టం. ఏడాది మొత్తంలో ఆ చిన్నవే కలిపి ఎంత పెద్దవో ఆ పట్టిక చెప్పదు. ఇక్కడి వివరాల కోసం జిల్లా రెవెన్యూ దస్త్రాలు, విపత్తు నిర్వహణ సంస్థ నివేదికలు, వాతావరణ శాఖ రికార్డులు, సమాచార హక్కు దరఖాస్తులు దిక్కు. ఒకే వరదలో మునిగిన ఎకరాలు వ్యవసాయ శాఖ లెక్కలో ఒకటి, రెవెన్యూ లెక్కలో ఒకటి, ఉపగ్రహ చిత్రంలో మరొకటి ఉండడం మామూలే. తేడా ఎందుకొచ్చిందో వివరించడం ఒక్కోసారి థీసిస్‌లో మంచి అధ్యాయమవుతుంది. 2025లో సవరించిన చట్టం జాతీయ, రాష్ట్ర స్థాయుల్లో విపత్తుల సమాచార నిధి ఉండాలంది. అది పరిశోధకులకు ఏమేరకు తెరుచుకుంటుందో చూడాలి.

కొన్ని ఘటనలు ఒక శాస్త్రానికి లొంగవు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో పాలిమర్ల కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండుమంది చనిపోయారు. ట్యాంకులో రసాయనం ఎందుకు వేడెక్కిందన్నది కెమికల్ ఇంజనీరింగ్. సైరన్ ఎందుకు మోగలేదన్నది సంస్థల ప్రవర్తన. కర్మాగారం గోడకు అంత దగ్గరగా ఊరు ఎలా పెరిగిందన్నది పట్టణ ప్రణాళిక. లాక్‌డౌన్‌లో మూతపడి ఉన్న వారాల్లో తనిఖీ ఎవరు చేయాలన్నది చట్టం. ఇలాంటి అంశం ఎంచుకుంటే ఇద్దరు గైడ్లు కావాలి, ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినేవాళ్లై ఉండాలి.

ఎవరు చదువుతారు, తర్వాత ఏమిటి

ఈ తరగతుల్లో కూర్చునేవాళ్లలో రెండు రకాలు కనిపిస్తారు. పీజీ ముగించి నేరుగా వచ్చినవాళ్లు ఒకరు. అగ్నిమాపక శాఖలోనో, సైన్యంలోనో, రెవెన్యూలోనో, స్వచ్ఛంద సంస్థలోనో పదిహేనేళ్లు పనిచేసి వచ్చినవాళ్లు మరొకరు. రెండోవాళ్లకు చదువు కష్టమయ్యేది తెలివి చాలక కాదు. జరిగింది తెలిసినవాళ్లు కనుక “అలాగే జరుగుతుందండీ, నేను చూశాను కదా” అనే అలవాటు ఉంటుంది. చూసిన ఒక్కదాన్ని వందిట్లో ఒకటిగా చూడడం నేర్చుకోవడానికి ఏడాది పడుతుంది. నేర్చుకున్నాక వాళ్లు రాసేదాంట్లో ఉండే పట్టు మొదటి రకం వాళ్లకు రాదు. ఏ దస్త్రం ఏ బీరువాలో ఉంటుందో వాళ్లకు తెలుసు.

పట్టా వచ్చాక అధ్యాపక ఉద్యోగాలు మన దేశంలో పరిమితమే, ప్రత్యేక విభాగాలు తక్కువ కనుక. రాష్ట్ర, జాతీయ విపత్తు సంస్థల్లో సలహాదారు పోస్టులు ఎక్కువగా ఒప్పందం మీద ఉంటాయి. ఐక్యరాజ్య సమితి సంస్థలు, ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టులు, బీమా, పునర్బీమా కంపెనీల్లో నష్టాల అంచనా విభాగాలు మరికొంతమందిని తీసుకుంటాయి. చివరి రకం ఉద్యోగాలకు గణాంకాలు, ప్రోగ్రామింగ్ వచ్చి ఉండాలి. అధికారిక పత్రాలన్నీ విపత్తు ముప్పు తగ్గింపుపై 2015 నుంచి 2030 దాకా నడిచే సెందాయ్ ఒప్పందం భాషలోనే ఉంటాయి గనుక దాని ఏడు లక్ష్యాలు, నాలుగు ప్రాధాన్యాలు వంటబట్టి ఉంటే ఇంటర్వ్యూలో ఉపయోగం.

చేరేముందు చేయదగ్గ పని ఒకటుంది. మన విశ్వవిద్యాలయాల్లో ఆమోదం పొందిన థీసిస్‌లను శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో పెడతారు, ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. అక్కడ తుపాను, వరద, పునరావాసం అని వెతికి నాలుగైదు థీసిస్‌లు దించుకోవాలి. ముందుమాట, ముగింపు వదిలేసి పద్ధతి చెప్పే అధ్యాయం, వెనక అనుబంధంలో ఉన్న ప్రశ్నపత్రం చదవాలి. ఊరికి ఎప్పుడు వెళ్లారు, ఎన్ని రోజులున్నారు, ఎవరిని అడిగారు, ఎవరిని అడగలేకపోయారు అన్నది అక్కడ ఉంటుంది. ఆఖరి అధ్యాయంలో “భావి పరిశోధనకు సూచనలు” అని ఒక పేజీ ఉంటుంది. చాలామంది దాన్ని మొక్కుబడిగా రాస్తారు, కొందరు మాత్రం తమకు చేతకాక వదిలేసిన ప్రశ్నను అక్కడే పెట్టి వెళ్తారు.